ప్రొఫెసర్లకు మెయిళ్లు పంపిపెట్టే ప్యాకేజీ: నేను కట్టిన 35,400 రూపాయలకు దక్కింది ఇదీ

5 నక్షత్రాలకు 2 ఇస్తున్నాను. మొదట ఒకటే ఇద్దామనుకున్నాను. రెండోది ఎలా కలిసిందో చివర్లో చెబుతాను.

అమెరికాలో పీహెచ్‌డీకి దరఖాస్తు చేసే విద్యార్థి తరఫున, గైడుగా ఉండగల ప్రొఫెసర్లను వెతికి వారికి మెయిళ్లు రాసి పంపే సేవ ఇది. హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీ దగ్గర 2024 జూన్‌లో తీసుకున్నాను. దరఖాస్తుల ప్యాకేజీకి ఇది అదనం. ధర 30,000, 18 శాతం జీఎస్టీ కలిపి 35,400 రూపాయలు. సంస్థ పేరు రాయడం లేదు. అంతకుముందు వెళ్లిన మూడు చోట్ల కూడా ఇంచుమించు ఇదే ప్యాకేజీ చూపించారు. అందుకే ఒక దుకాణం గురించి కాక, ఆ సరుకు గురించే రాస్తున్నాను.

నేను బాపట్ల వ్యవసాయ కళాశాలలో కీటక శాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాను. మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు మండలంలో ఒక ఊరు. 2021 చివర్లో మా మిరప తోట పూతకొచ్చినప్పుడు నల్ల తామర పురుగు పడింది. మిరప రైతుకు తామర పురుగు కొత్త కాదు. పాత రకం లేత ఆకులను పీల్చేది, ఆకులు పైకి ముడుచుకునేవి, పై ముడత అనేవాళ్లం. ఈ కొత్తది పువ్వులో చేరింది. పువ్వు కోసి అరచేతిలో దులిపితే నల్లని సన్నని పురుగులు పదీ పదిహేను రాలేవి. పూత నిలవలేదు. నాన్న వారానికి రెండుసార్లు మందు కొట్టించారు. ఎకరాకు 20 క్వింటాళ్లకు పైగా కోసే తోటలో ఆ ఏడాది 4 క్వింటాళ్లు కోశాం. 2022లో ఎమ్మెస్సీలో చేరినప్పుడు థీసిస్‌కు ఆ పురుగునే అడిగి తీసుకున్నాను. త్రిప్స్ పార్విస్పినస్ దాని శాస్త్రీయ నామం. మన దేశంలో 2015లోనే బెంగళూరు దగ్గర బొప్పాయి మీద దాన్ని గుర్తించారు. నాలుగు ఊళ్లలో 12 పొలాలు తిరిగి, వారం వారం పూలు కోసి, ఆల్కహాల్ సీసాల్లో వేసి, రాత్రుళ్లు మైక్రోస్కోపు కింద లెక్కపెట్టాను.

ఇదంతా సమీక్షలో ఎందుకంటే, నేను ఆ సంస్థకు ఇచ్చిన ముడిసరుకు ఇదే. థీసిస్ మొత్తం పంపాను. పొలం ఫొటోలు పంపాను. మొదటి రోజు గంటన్నర కూర్చుని చెప్పాను. వాళ్లు తయారుచేసిన మెయిల్లో ఇందులో ఒక్క ముక్క కూడా లేదు.

ఈ మెయిలు ఎందుకంత ముఖ్యమో కూడా చెప్పాలి. మన దగ్గర ముందు సీటు వస్తుంది, గైడును తర్వాత కేటాయిస్తారు. అమెరికా వ్యవసాయ విభాగాల్లో, అంటే కీటక శాస్త్రం, తెగుళ్లు, నేలల శాస్త్రం లాంటి చోట్ల, చాలావరకు ఇది తలకిందులు. ఎవరో ఒక ప్రొఫెసర్ ముందుగా ఈ విద్యార్థిని నేను తీసుకుంటానని అనాలి. ట్యూషన్ ఫీజు మాఫీ, నెలనెలా వచ్చే స్టైపెండ్ ఎక్కువగా ఆ ప్రొఫెసర్ తెచ్చుకున్న ప్రాజెక్టు డబ్బు నుంచే వస్తాయి. ఆ మాట అనేవారు లేకపోతే మంచి మార్కులున్న దరఖాస్తు కూడా పక్కకు పోతుంది. అన్ని విభాగాలూ ఇలా ఉండవు. జీవరసాయన శాస్త్రం, అణు జీవశాస్త్రం వంటి చోట్ల చాలాసార్లు విభాగమే విద్యార్థిని చేర్చుకుని, మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో కొన్నేసి వారాలు పనిచేయించి, తర్వాత గైడును ఎంచుకోనిస్తుంది. దాన్ని రొటేషన్ అంటారు. అలాంటి చోట ముందే మెయిలు రాసినా పెద్దగా ఒరిగేది లేదు. ఒక విభాగంలో ఏ పద్ధతి నడుస్తుందో దాని ప్రవేశాల పేజీలో సాధారణంగా రాసే ఉంటుంది.

ఈ తేడాను డబ్బు తీసుకుని పనిచేసేవాళ్లు గమనిస్తారని నమ్మాను. ఒప్పంద పత్రంలో 80 మంది ప్రొఫెసర్లు అని ఉంది, 80 మందికీ మెయిళ్లు వెళ్లాయి. లెక్క ప్రకారం వాళ్లు మాట నిలబెట్టుకున్నారు. తర్వాత ఆ జాబితా తీసుకుని నేను ఒక్కొక్కరి పేజీ తెరిచి చూశాను. రెండు రాత్రులు పట్టింది. 22 మంది రొటేషన్ పద్ధతి ఉన్న విభాగాల వాళ్లు. 11 మంది తేనెటీగల మీద, నలుగురు దోమల మీద పనిచేసేవాళ్లు. ఇద్దరు పదవీ విరమణ చేశారు. ఒకరి పేజీలో మొదటి వాక్యమే 2025కు కొత్త విద్యార్థులను తీసుకోవడం లేదని. పురుగుల ప్రొఫెసర్ అయితే చాలు, జాబితాలో చేర్చారన్నమాట. మా ఊళ్లో కొట్టువాడు కూడా ఏ పంట, ఏ పురుగు అని అడగకుండా మందు సీసా ఇవ్వడు.

ఇక మెయిలు. మీ అద్భుతమైన పరిశోధన నన్ను ఎంతగానో ఆకట్టుకుందని మొదలైంది. మధ్యలో ఆ ప్రొఫెసర్ తాజా పేపరు శీర్షిక అతికించారు, అది వేరే సైజు అక్షరాల్లో ఉంది. తర్వాత నాకు చిన్నప్పటి నుంచీ కీటకాలంటే అమితమైన ఆసక్తి అట. ఆ మాట నేను ఎప్పుడూ అనలేదు, అది నిజం కూడా కాదు. కష్టపడే తత్వం, నలుగురితో కలిసి పనిచేసే గుణం, నాయకత్వ లక్షణాలు వరసగా వచ్చాయి. 80 మందికీ రెస్పెక్టెడ్ సర్ అనే సంబోధించారు. వారిలో 30 మందికి పైగా మహిళలు.

నమూనా మెయిలు నాకు వచ్చిన రోజు ఇంట్లోనే ఉన్నాను. నాన్న చదివి వినిపించమన్నారు. తెలుగులో చెప్పాను. పూర్తిగా విని, "ఇందులో మన తోట ఎక్కడుందమ్మా?" అన్నారు. వాళ్లకు అనుభవం ఉంది నాన్నా, ఎలా రాయాలో వాళ్లకు తెలుసని చెప్పి ఊరుకున్నాను. నాన్న మళ్లీ ఏమీ అనలేదు. ఆ పూట ఆయన మాట విని ఉంటే రెండు నెలలు మిగిలేవి.

80 మెయిళ్లకు 5 జవాబులు వచ్చాయి. ముగ్గురు ఖాళీలు లేవన్నారు. ఒకరు విభాగానికి దరఖాస్తు చేసుకోమన్నారు. ఐదో జవాబు సంగతి రాయడానికి ఇప్పటికీ కష్టంగా ఉంది.

ఈ సంస్థ విద్యార్థి పేరు మీద కొత్త జీమెయిల్ ఖాతా తెరిచి, దాని పాస్‌వర్డ్ తన దగ్గరే ఉంచుకునేది. జవాబులు వస్తే మాకు చెబుతామన్నారు. ఆగస్టు 8న ఒక ప్రొఫెసర్ జవాబిచ్చారు. ఆయన పనిచేసేది తామర పురుగుల మీదే. నా రెజ్యూమెలో థీసిస్ శీర్షిక చూశారట. తన దగ్గర ఒక స్థానం ఉందని, వచ్చే వారం అరగంట మాట్లాడదామా అని అడిగారు. ఆ మెయిలు తెరిచి చూసినవారు లేరు. ఎందుకో మనసు ఆగక నేను పదేపదే ఫోను చేస్తే ఆగస్టు 27న చూసి చెప్పారు. 19 రోజులు. నేను వెంటనే క్షమాపణ చెప్పి రాశాను. ఆ స్థానానికి అప్పటికే మరొకరిని తీసుకున్నానని ఆయన మర్యాదగా జవాబిచ్చారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సెప్టెంబరు 2న పాస్‌వర్డ్ తీసుకుని, ఇక మెయిళ్లు నేనే రాసుకుంటానని చెప్పేశాను.

తర్వాతి నెల రోజులు నేను చేసిన పనిని కాస్త వివరంగా రాస్తాను. ఆ 35,400 రూపాయలకు వాళ్లు చేయాల్సిన పని ఇదే. దీనికి నాకు పైసా ఖర్చు కాలేదు.

మొదట పురుగును పట్టుకుని వెతికాను. మా తోటను తిన్న పురుగే 2020లో ఫ్లోరిడాలో ఒక గ్రీన్‌హౌస్‌లో కనిపించింది. అంటే అక్కడి వాళ్లకూ అది కొత్త శత్రువే. దాని మీద పేపర్లు రాసినవారిని గూగుల్ స్కాలర్‌లో చూశాను. తర్వాత వారి దగ్గర ఇప్పుడు డబ్బుందా అని చూశాను. అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చే గ్రాంట్ల వివరాలు దాని వెబ్‌సైటులో ఎవరైనా వెతుక్కోవచ్చు: ప్రొఫెసర్ పేరు, మొత్తం, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో అన్నీ ఉంటాయి. ఆరోగ్య రంగం వాళ్లకు అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థల (ఎన్‌ఐహెచ్) వెబ్‌సైటు రిపోర్టర్ అలాంటిదే. అమెరికా వ్యవసాయ శాఖ ప్రాజెక్టుల వివరాలూ దొరుకుతాయి. మరుసటి వేసవికి ముగిసిపోయే గ్రాంటు ఒక్కటే ఉన్నవారిని జాబితాలో వెనక్కి జరిపాను.

ప్రొఫెసర్ ఎక్కడ కూర్చుంటారన్నదీ ముఖ్యమే. కన్సల్టెన్సీ జాబితాలో అందరూ ప్రధాన ఆవరణల వాళ్లు. కానీ ల్యాండ్‌గ్రాంట్ విశ్వవిద్యాలయాల్లో, అంటే వ్యవసాయం వంటి చదువుల కోసం ప్రభుత్వం ఇచ్చిన భూముల ఆసరాతో ఏర్పడినవాటిలో, పొలం పని చేసే ప్రొఫెసర్లు చాలామంది దూరంగా ఉన్న పరిశోధన కేంద్రాల్లో ఉంటారు. ఫ్లోరిడాలో హోమ్‌స్టెడ్, అపోప్కా, జార్జియాలో టిఫ్టన్ అలాంటివి. గుంటూరు పక్కన మనకు లాం ఫారం ఉన్నట్టు. ఈ పోలిక ఊరికే చెప్పడం లేదు. 1964లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది ఆ ల్యాండ్‌గ్రాంట్ నమూనాలోనే, కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో. బాపట్లలో చదివినవాళ్లకు ఆ పద్ధతి పరాయిది కాదు. అక్కడి ప్రొఫెసర్ ఉద్యోగాన్ని పరిశోధన ఇంత శాతం, విస్తరణ (అంటే పరిశోధన ఫలితాలను రైతులకు చేర్చడం) ఇంత శాతం, బోధన ఇంత అని విడగొడతారు. చాలామంది తమ పేజీలో ఆ శాతాలు రాస్తారు. విస్తరణ వాటా ఎక్కువున్నవారి దగ్గర రైతులతో కలిసి పొలంలో చేసే పని ఎక్కువ. నాకు కావలసింది అదే.

అలా వడపోస్తే 9 మంది మిగిలారు.

ఒక్కో మెయిలుకు సగటున రెండు రోజులు పట్టింది. ఆ ప్రొఫెసర్ పేపర్లు రెండైనా పూర్తిగా చదివాకే మొదలుపెట్టాను. డాక్టర్ అని పెట్టి ఇంటిపేరుతో సంబోధించాను. మొదటి వాక్యంలో నేనెవరో, ఏ ఏడాది చేరాలనుకుంటున్నానో చెప్పాను. తర్వాత నా పని మూడు వాక్యాల్లో. ఆ తర్వాత ఒక ప్రశ్న. ఉదాహరణకు, తామర పురుగుల ఉద్ధృతిని ఆకుల మీద లెక్కించిన ఒకరికి ఇలా రాశాను: మా 12 పొలాల్లో పూత ఉన్నన్ని రోజులూ పురుగు ఎక్కువగా పువ్వులోనే దొరికింది, ఆకు లెక్క చూసి మందు కొట్టిన రైతులు ఆలస్యంగా కొట్టినట్టు తేలింది, మీ దగ్గర పూత దశలో లెక్క మార్చవలసి వచ్చిందా? చివర్లో, 2025 ఆగస్టుకు విద్యార్థిని తీసుకునే ఆలోచన ఉందా అని సూటిగా అడిగాను. అంతే. 200 మాటలు దాటనివ్వలేదు. రెండు పేజీల రెజ్యూమె జత చేశాను. థీసిస్ జత చేయలేదు, కావాలంటే పంపుతానన్నాను. కొందరు ప్రొఫెసర్లు మెయిలు శీర్షికలో ఫలానా మాట పెట్టమని, ఫలానా ప్రశ్నలకు జవాబు రాయమని తమ పేజీలో అడుగుతారు. నా తొమ్మిది మందిలో ఇద్దరు అలా అడిగారు. ఆ ఇద్దరికీ కన్సల్టెన్సీ మెయిలు కూడా ముందే వెళ్లింది. వాళ్లు అడిగిన మాట అందులో లేదు. వాళ్లిద్దరికీ ఆ పాత మెయిలు ఎలా వెళ్లిందో నిజం చెప్పి, క్షమించమని రాసి, అప్పుడు నా సంగతి మొదలుపెట్టాను. వారిలో ఒకరే నన్ను తర్వాత మాట్లాడడానికి పిలిచారు.

పంపే వేళ కూడా చూసుకున్నాను. సెప్టెంబరులో మనకు సాయంత్రం ఆరున్నర అంటే అమెరికా తూర్పు తీరంలో ఉదయం తొమ్మిది. మంగళ, బుధవారాల్లో పంపాను. రెండు వారాలు చూసి, జవాబు రానివారికి రెండు వాక్యాలతో ఒక్కసారి గుర్తు చేశాను. మూడోసారి రాయలేదు.

9 మందిలో ముగ్గురు జవాబివ్వలేదు. ఇద్దరు డబ్బు లేదన్నారు, వారిలో ఒకరు నా ప్రశ్నకు మాత్రం పేరా నిండా జవాబు రాశారు. ఒకరు దరఖాస్తు చేయమన్నారు. ముగ్గురు వీడియోలో మాట్లాడదామన్నారు. 80కి 5, 9కి 6. నాది ఒక్కరి అనుభవమే, దీన్ని అందరికీ వర్తించే లెక్కగా చూపించడం లేదు. కానీ ఆ 6 జవాబుల్లో నాలుగింటిలో పువ్వు, ఆకు లెక్క గురించి మాట ఉంది. వాళ్లు నా మెయిలు చదివారు.

నవంబరు మొదట్లో జరిగిన ఆ మూడు సంభాషణల్లో నా మార్కుల గురించి ఒక్కరూ అడగలేదు. నీ థీసిస్‌లో జనవరి నెల పురుగుల లెక్కలు ఎందుకు పడిపోయాయని ఒకరు అడిగారు. కోతలు మొదలై పూత తగ్గిందని, రైతులు మందు మానేశాక ఆ పురుగును తినే మిత్ర పురుగులు పెరిగి కూడా ఉండవచ్చని, ఈ రెండింటిలో ఏది కారణమో నా సమాచారంతో విడదీయలేనని చెప్పాను. ఆమె తల ఊపి, ఆ విడదీయడమే ఇక్కడి పని అన్నారు. నేనూ కొన్ని అడిగాను: డబ్బు ఎన్నేళ్లకు ఉంది, అది ఎక్కడి నుంచి వస్తుంది, వేసవి మూడు నెలలూ స్టైపెండ్ ఉంటుందా, మీ విద్యార్థులకు సగటున ఎన్నేళ్లు పట్టింది, వారితో నేను మాట్లాడవచ్చా. చివరిది తప్పకుండా అడగాలి. ఆమె ల్యాబులో ఉన్న నేపాల్ అమ్మాయి నాతో 40 నిమిషాలు మాట్లాడింది. మొదటి ఏడాది తన ప్రయోగం పాడైనప్పుడు గైడు ఎలా ప్రవర్తించారో చెప్పింది. ఏ వెబ్‌సైటులోనూ దొరకని సంగతి అది.

డబ్బు ఎక్కడి నుంచి అన్న ప్రశ్న విలువ ఫిబ్రవరిలో తెలిసింది. 2025 మొదట్లో అమెరికాలో ఫెడరల్ పరిశోధన నిధులు చాలా చోట్ల ఆగిపోయాయి, కొన్ని విభాగాలు ప్రవేశాలనే కుదించాయి. ముగ్గురిలో ఒకరు, దాదాపు ఖాయమన్నవారు, తన గ్రాంటు నిలిచిపోయిందని బాధపడుతూ రాశారు. మరొక చోట వెయిటింగ్‌లో పెట్టారు. మూడో ప్రొఫెసర్, జనవరి లెక్కలు అడిగినావిడ, నాలుగేళ్ల డబ్బులో కొంత రాష్ట్రం నుంచి, కొంత కూరగాయల రైతుల సంఘం నుంచి వస్తుందని నవంబరులోనే చెప్పారు. అది ఆగలేదు. మార్చిలో ఆఫర్ వచ్చింది. మూడు రోజుల్లో ఒప్పుకోమని కన్సల్టెన్సీ నుంచి ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. అమెరికా గ్రాడ్యుయేట్ స్కూళ్ల కౌన్సిల్ తీర్మానం ఒకటుంది. దాని మీద సంతకం చేసిన విశ్వవిద్యాలయాలు ఆర్థిక సాయంతో ఇచ్చే ఆఫర్‌కు ఏప్రిల్ 15కు ముందే జవాబు చెప్పమని ఒత్తిడి చేయకూడదు. ఆ సంగతి తెలిసినందున వెయిటింగ్ ఫలితం కనుక్కుని, అప్పుడు ఒప్పుకున్నాను. 2025 ఆగస్టు నుంచి ఇక్కడ, ఆమె ల్యాబులోనే ఉన్నాను.

ఆ సంస్థ బాగా చేసిన పని కూడా రాయాలి. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల ఓజీపీఏ (మొత్తం కోర్సుకు సగటు గ్రేడు పాయింట్లు) పద్ధతి బయటివాళ్లకు ఒకపట్టాన అర్థం కాదు. నా మార్కుల పత్రాల విషయంలో ఒక విశ్వవిద్యాలయం ప్రశ్నలు వేసినప్పుడు, బాపట్ల నుంచి ఏ ధ్రువపత్రం ఏ రూపంలో తెచ్చుకోవాలో వాళ్లే చెప్పి రెండు వారాల్లో తేల్చారు. వీసా ఇంటర్వ్యూకు ఓపికగా తయారు చేశారు. మొదటి నక్షత్రం దానికే. నా ఫైలు చూసిన అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఆ సీజన్లో తన చేతిలో 60 ఫైళ్లున్నాయని చెప్పింది. 60 మందికి 80 చొప్పున మెయిళ్లు పంపాల్సినవాళ్లు ఎవరి తోటనూ చూడలేరు. తప్పు ప్యాకేజీని ఆ లెక్కన కట్టినవాళ్లది.

దరఖాస్తులకు, వీసాకు సాయం కావాలంటే ఈ సంస్థ దగ్గరకు వెళ్లవచ్చు. మెయిళ్ల ప్యాకేజీ మాత్రం ఎవరూ తీసుకోవద్దు, ధర సగానికి తగ్గించినా సరే. ఏ విభాగంలో ఏ పద్ధతో తెలియక తికమకపడేవాళ్లకు హైదరాబాదులో అమెరికా చదువుల మీద సలహా ఇచ్చే అమెరికా-భారత్ విద్యా ఫౌండేషన్ (యుఎస్‌ఐఈఎఫ్) కేంద్రం ఉంది. ఇంగ్లిష్ బాగా రాయలేమని భయపడేవాళ్లు ముందు తెలుగులో రాసుకోండి. నా 9 మెయిళ్లలో మొదటి నాలుగు అలాగే రాసుకున్నాను. దిద్దడానికి మా ఎమ్మెస్సీ గైడుగారు పనికొచ్చారు, ఆయన రెండు విశేషణాలు కొట్టేసి ఒక అంకె చేర్పించారు.

డబ్బు వాపసు అడిగాను. 80 మెయిళ్లూ వెళ్లాయి కాబట్టి కుదరదన్నారు. ఆగస్టు 8 నాటి మెయిలు, అది తెరిచిన తేదీ, రెండూ కలిపి యజమానికి పంపాను. నెల తర్వాత ఆయన స్వయంగా ఫోను చేశారు. డబ్బు ఇవ్వలేదు. కానీ ఇకపై ఖాతా, పాస్‌వర్డ్ విద్యార్థి దగ్గరే ఉంటాయని, వచ్చిన జవాబు మొదట విద్యార్థి ఫోనులోనే మోగుతుందని చెప్పారు. ఈ ఏడాది చేరిన మా కాలేజీ జూనియర్‌ను అడిగి చూశాను. నిజంగానే మార్చారు. రెండో నక్షత్రం అందుకు.